పేరు తెలిస్తే చాలదు: ఓ వంతెన కథ

సంగారెడ్డి పోయే దారిలో కంది అనగానే ఇప్పుడు ఐఐటీనే గుర్తొస్తుంది. 2008లో ఎద్దుమైలారంలో మొదలై, 2015లో కందికి మారింది. అక్కడ కంపైలర్ల మీద పనిచేసే బృందమొకటుంది. వాళ్ళకొచ్చిన చిక్కు ఇదీ: ఎల్‌ఎల్‌వీఎమ్ కంపైలరేమో సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది, దానికి సలహాలిచ్చే మెషీన్ లెర్నింగ్ మోడలేమో పైథాన్‌లో తయారవుతుంది. మరి ఆ రెండూ మాట్లాడుకునేదెలా?

చిక్కు పాతదే లెండి. 1980ల చివర్లో సన్ వాళ్ళ యూనిక్స్‌లో డీఎల్ఓపెన్, డీఎల్‌సిమ్ వచ్చాయి. ప్రోగ్రాము నడుస్తుండగానే లైబ్రరీని తెరిచి, ఫంక్షన్ పేరు చెబితే దాని అడ్రసు ఇస్తాయి. అంతే! ఆ ఫంక్షన్‌కి ఎన్ని ఆర్గ్యుమెంట్లు, తిరిగి ఏమిస్తుంది అన్నది మాత్రం చెప్పవు. ఇంటి నంబరిచ్చి, లోపల ఎవరుంటారో చెప్పకపోవడమన్నమాట.

ఆ మిగతా సమాచారం ఎవరివ్వాలి? తర్వాతి చరిత్రంతా ఈ బాధ్యతను చేతులు మార్చడమే. 1996లో డేవిడ్ బీజ్లీ విడుదల చేసిన స్విగ్, హెడర్ ఫైలు చదివి అతుకు కోడు తనే రాసిపెట్టింది. 1997లో జావా జేఎన్ఐ ఆ అతుకును మనల్నే సీలో రాయమంది. 2006లో పైథాన్ 2.5తో వచ్చిన సీటైప్స్ అసలు సీ కోడే అక్కర్లేదంది. హాయే, కానీ ఫంక్షన్ ఏమిస్తుందో మనం చెప్పకపోతే ఇంటీజర్ అనేసుకుంటుంది. 64 బిట్ల మెషీన్లో వచ్చింది పాయింటరైతే పై సగం తెగిపోతుంది. ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి కుప్పకూలుతుంది. 2024లో జావా 22 కొత్త పద్ధతిని ఖరారు చేసింది, సీ అతుకు అక్కర్లేదు. అందులోనూ ఫంక్షన్ వివరం సరిగ్గా ఇవ్వాల్సింది మనమే.

కంది బృందం గూగుల్ పరిశోధకులతో కలిసి 2024లో ఎంఎల్ కంపైలర్ బ్రిడ్జ్ అనే లైబ్రరీని ప్రకటించింది. మోడల్‌కి శిక్షణ ఇచ్చేటప్పుడు రెండిటినీ వేర్వేరు ప్రాసెస్‌లుగా ఉంచి జీఆర్‌పీసీ ద్వారానో పైపుల ద్వారానో మాట్లాడించొచ్చు. వాడకానికొచ్చాక కంపైల్ సమయం ముఖ్యం కదా, అప్పుడు ఓఎన్‌ఎన్‌ఎక్స్ లాంటి రూపంలో మోడల్‌ని కంపైలర్ ప్రాసెస్‌లోనే నడిపించొచ్చు.

మనవాళ్ళకి అతుకు కోడంటే చిన్నచూపు. మోడల్ రాసినవాడికి దక్కే పేరు దాన్ని అవతలి భాషకి చేర్చినవాడికి దక్కదు. నా మటుకు నాకు ఇది అన్యాయమే. వంతెన లేకపోతే ఎంత గొప్ప మోడలైనా పరిశోధనాపత్రంలోనే ఆగిపోతుంది. ఈసారి ఎవరైనా "ఆఁ, ర్యాపరే కదా" అంటే, రిటర్న్ టైపు ఎవరు సరిచూశారో అడగండి.