2147483647

2147483647 (రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు) ఒక ప్రధాన సంఖ్య. దీన్ని 2³¹ − 1 అని కూడా రాస్తారు. 2 ఘాతం కంటే ఒకటి తక్కువగా ఉండే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. వాటిలో ఇది ఎనిమిదవది. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో లియొనార్డ్ ఆయిలర్ నిరూపించాడు. ఇంత పెద్ద సంఖ్య సంగతిని కాగితం మీద తేల్చిన ఆ నిరూపణ సంఖ్యా సిద్ధాంతపు తొలి ఘనవిజయాల్లో ఒకటి.

పూర్వచరిత్ర

ఘాతాంకం 17, 19, 23, 29, 31, 37 అయినప్పుడు ఇలాంటి ప్రధాన సంఖ్యలు వస్తాయని ఇటలీ గణితజ్ఞుడు పియెత్రో కటాల్డి 1603లో ప్రకటించాడు. 17, 19లను ఆయన భాగహారాలతో సరిచూశాడు. 23, 37 తప్పని 1640లో ఫెర్మా, 29 తప్పని తర్వాత ఆయిలర్ చూపించారు. ఫ్రెంచి మతగురువు మారిన్ మెర్సెన్ 1644 నాటి తన జాబితాలో 31ని చేర్చినా రుజువు ఇవ్వలేదు. అదే జాబితాలోని 67, 257 తప్పని తర్వాతి కాలంలో తేలింది.

ఆయిలర్ నిరూపణ

ఈ సంఖ్య వర్గమూలం 46,340 దాటుతుంది. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలు నాలుగు వేలకు పైనే. వాటన్నిటితో భాగించి చూడనక్కర్లేదని ఆయిలర్ గ్రహించాడు. దీనికి ప్రధాన భాజకం ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు 1, 8తో భాగించినప్పుడు 1 లేదా 7 శేషం రావాలి. రెండు షరతులూ కలిపితే, 248తో భాగించగా 1 లేదా 63 మిగిలే ప్రధాన సంఖ్యలను మాత్రమే పరీక్షిస్తే చాలు. అవి వందలోపే. వాటిలో ఏదీ దీన్ని నిశ్శేషంగా భాగించలేదు. అప్పటికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంటున్న ఆయిలర్‌కు చూపు దాదాపు పోయింది. ఈ ఫలితాన్ని ఆయన ఒక లేఖలో తెలిపాడు.

పరిపూర్ణ సంఖ్యతో సంబంధం

యూక్లిడ్ సూత్రం ప్రకారం దీన్ని 2³⁰తో గుణిస్తే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య వస్తుంది. అంటే, తాను తప్ప తన భాజకాలన్నిటి మొత్తం తనకే సమానం. ఇలాంటి సంఖ్యలు వింతలే తప్ప ఉపయోగం లేనివి కాబట్టి, ఇంతకంటే పెద్దదాన్ని ఎవరూ ఎప్పటికీ కనుక్కోరని 1811లో ఆంగ్లేయ గణితజ్ఞుడు పీటర్ బార్లో రాశాడు. 1876లో ఎడ్వర్డ్ ల్యూకా 39 అంకెల 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్యేనని చూపడంతో ఆ జోస్యం వీగిపోయింది.

కంప్యూటర్లలో

ధన, రుణ సంఖ్యలు రెండింటినీ 32 బిట్లలో దాచినప్పుడు పట్టే గరిష్ఠ విలువ ఇదే. 1970 జనవరి 1 నుంచి సెకన్లను అలా లెక్కించే వ్యవస్థల్లో ఈ పరిమితి 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8:44:07కు ముగుస్తుంది. అందుకే వాటిని 64 బిట్లకు మారుస్తున్నారు.

యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి 1969లో ప్రతిపాదించిన ఒక పద్ధతిలో, ప్రతి సంఖ్యనూ 16807తో గుణించి, 2147483647తో భాగించి, శేషాన్ని తీసుకుంటారు. 1 నుంచి 2147483646 వరకు ప్రతి సంఖ్యా ఒక్కొక్కసారి వచ్చాకే వరుస మళ్లీ మొదలవుతుంది. భాజకం ప్రధాన సంఖ్య కావడం వల్లే ఇది సాధ్యమైంది.