వెనక నుంచి కూర్చిన బొమ్మ: పారిస్ ఒపేరాలో ఫ్రియూలీ మొజాయిక్ పనివారు

ఇటలీ ఈశాన్య మూలన ఫ్రియూలీ ప్రాంతంలో సెక్వాల్స్ అనే చిన్న ఊరుంది. చుట్టూ టాల్యామెంతో, మెదూనా నదులు మేట వేసిన గులకరాళ్ల నేల. పొలం కడుపు నింపని చోట ఆ రాళ్లే పని నేర్పాయి. రంగులవారీగా రాళ్లు ఏరి, పగలగొట్టి, నేలలో కూర్చే విద్య చేతబట్టుకుని అక్కడివాళ్లు మొదట వెనిస్‌కు, ఆ తరవాత ఐరోపా నగరాలకు, అమెరికాకు వలస వెళ్లారు. (మన ఇళ్లలో మొజాయిక్ గచ్చు అంటూ వచ్చినది వీరి తెరాజోకు, అంటే రాతి పలుకుల గచ్చుకు, దగ్గరి చుట్టం.) కళాచరిత్ర నమూనా గీసిన చిత్రకారుడి దగ్గరే తరచుగా ఆగిపోతుంది. ఈ విద్య పెద్ద భవనాల్లోకి ఎలా వచ్చిందో తెలియాలంటే పని జరిగిన తీరును చూడాలి.

పాత పద్ధతిలో మేస్త్రీ పరంజా ఎక్కి, తడి గారలో ఒక్కొక్క పలుకే గుచ్చేవాడు. నెలల తరబడి పని, దానికి తగ్గ ఖర్చు. సెక్వాల్స్‌లో 1826లో పుట్టిన జాన్ దొమేనికో ఫక్కీనా పనిని తిరగేశాడు. అద్దంలో కనిపించినట్టు కుడిఎడమలు మార్చి బొమ్మను కాగితం మీద గీస్తారు. దుంగలో దిగేసిన ఉలి అంచున రాతినో గాజునో ఆనించి, పైనుంచి సుత్తితో కొట్టి పలుకులు చేస్తారు. వాటిని నీళ్లకు కరిగే జిగురుతో ఆ కాగితానికి బోర్లా అతికిస్తారు. కాగితాన్ని ముక్కలుగా కోసి, అంకెలు వేసి, కట్టడం దగ్గరికి తీసుకెళ్లి గారకు అదుముతారు. తడిపి కాగితం ఒలిచేశాకే బొమ్మ ముఖం బయటపడుతుంది. పనంతా కార్ఖానాలోనే చాలావరకు అయిపోతుంది గనక ఖర్చు బాగా తగ్గింది.

పోయిందీ ఉంది. చేత్తో గుచ్చిన పలుకులు తలో వాలున నిలిచి వెలుగును చిలకరిస్తాయి. కాగితానికి అతికించినవి చదునుగా ఉండిపోతాయి. ఆ నష్టం చిన్నదని నేను అనుకోను. అయినా, ఈ పద్ధతి లేకపోతే పెద్ద భవనాల విస్తీర్ణానికి ఈ కళ దక్కేది కాదు.

1875లో ప్రారంభమైన పారిస్ ఒపేరా ఇందుకు పెద్ద సాక్ష్యం. ముందరి విశ్రాంతి మందిరం కప్పు మీద మొజాయిక్‌లోనే ఒక గ్రీకు శాసనం ఉంది. ఫ్రాన్స్‌లో అలంకార మొజాయిక్ తొలిసారి వాడింది ఇక్కడేనని అది చెబుతుంది. జెర్మిన్యీ-దే-ప్రే చర్చిలో 9వ శతాబ్దపు మొజాయిక్ ఉంది కనుక ఆ మాట అక్షరాలా నిలవదు. అంతకంటే విలువైనది శాసనంలో ఆ తరవాతి భాగం: బొమ్మలు గీసింది క్యుర్జోఁ, వాటిని మొజాయిక్‌లో కూర్చింది సాల్వియాతి, అలంకారం చేసింది ఫక్కీనా, కట్టడం గార్నియేది. వలస వచ్చిన మేస్త్రీ పేరు వాస్తుశిల్పి పేరు సరసన, అదే కప్పు మీద, అవే పలుకుల్లో నిలిచింది. ఆ పలుకులు కొట్టి, బోర్లా అతికించిన కూలీల పేర్లు మాత్రం అందులో లేవు.