వెనక వరుసలో ఎవరు? డ్రాఫ్ట్ అంచనాలు, రహీం సాబ్ ఎంపిక

తెలుగులో రెండు మాటలున్నాయి: జోస్యం, అంచనా. జోస్యానికి కారణం చెప్పక్కర్లేదు. అంచనాకు చెప్పాలి. అమెరికా ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ దగ్గర పడితే చాలు, ఏ జట్టు ఏ డిఫెండర్‌ని తీసుకుంటుందో చాలామంది జాబితాలు రాస్తారు. మా ఖఫ్జీలో ఆ డ్రాఫ్ట్ మొదలయ్యేసరికి శుక్రవారం తెల్లవారుజామున మూడు అవుతుంది. అయినా మేలుకుని చూసేవాళ్లున్నారు. వాళ్లు రాసేది అంచనానా, జోస్యమా? దీనికి జవాబు చరిత్రలో వెతుకుదాం. మనవాళ్ల కథ కూడా అందులో ఉంది.

ముందు డ్రాఫ్ట్ సంగతి. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. ఇది 1936లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. అంతకుముందు డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోయేవి. బర్ట్ బెల్ అనే జట్టు యజమాని ఒక ఉపాయం చెప్పాడు: చివర నిలిచిన జట్టుకు మొదటి వంతు ఇవ్వండి. అలా అందరికంటే ముందు ఎంపికైనవాడు జే బర్వాంగర్. అతను ఆ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు! అంటే మొట్టమొదటి ఎంపికే గురి తప్పింది.

మన దేశంలోనూ డ్రాఫ్ట్ జరిగింది, అయితే అది మనం మామూలుగా ఫుట్‌బాల్ అనే ఆటకు. 2017 జూలైలో ఇండియన్ సూపర్ లీగ్ జట్లు ముంబైలో ఆటగాళ్లను ఎంచుకున్నాయి. అందరికంటే ముందు జంషెడ్‌పూర్ తీసుకున్నది ఒక డిఫెండర్‌ని: అనస్ ఎడతొడిక, ధర 1 కోటి 10 లక్షలు. గోల్‌కీపర్ సుబ్రతా పాల్‌ని కూడా అదే జట్టు తీసుకుంది. అది కొత్త జట్టు, చేతిలో పాత ఆటగాళ్లు లేరు. ఇల్లు కట్టేవాడు పునాది దగ్గర మొదలుపెట్టినట్టు వాళ్లు వెనక నుంచి మొదలుపెట్టారు. ఇలాంటి ఎంపికను ఊహించడం పెద్ద కష్టం కాదు. జట్టుకు ఏది లేదో చూస్తే చాలు.

కానీ ప్రతిసారీ ఇంత తేలిక కాదు. ముందు వరుసలో ఆడేవాడికి లెక్క ఉంటుంది: ఇన్ని ఆటలు, ఇన్ని గోల్స్. డిఫెండర్ చేసిన మంచి పని, పడకుండా ఆగిన గోల్. జరగనిదాన్ని ఎలా లెక్కపెడతాం? అందుకే డిఫెండర్ విలువ అంకెల కంటే ఎంచుకునేవాడి కంటికే బాగా తెలుస్తుంది.

అలాంటి కన్ను హైదరాబాద్‌లో ఒకరికి ఉండేది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు బాధ్యత కూడా ఆయనదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

ఇప్పుడు 1962కి వెళ్దాం. జకార్తాలో ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో గెలిచింది కానీ, వెనక వరుసకు గోడలాంటి జర్నైల్ సింగ్ తలకు ఆ ఆటలోనే దెబ్బ తగిలింది. కుట్లు పడ్డాయి.

ఆ రోజు మీరు అక్కడ ఉన్నారనుకోండి. సెమీఫైనల్‌కి డిఫెండర్ల జాబితా రాయమంటే ఏం రాస్తారు? జర్నైల్ ఆడగలిగితే, వెనక మధ్యలో అతని పేరే రాస్తారు. నేనూ అదే రాస్తాను. ఆడలేకపోతే పేరు కొట్టేస్తాం. రహీం సాబ్ ఈ రెండూ చేయలేదు. జర్నైల్‌ని తీసుకెళ్లి ముందు వరుసలో నిలబెట్టారు! సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై భారత్ 3-2తో గెలిచింది. అందులో ఒక గోల్ జర్నైల్‌ది. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియానే ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారు పతకం మనది.

ఆ ఫైనల్‌లో గోల్ కాపాడిన పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు. చిన్న వయసులో అతను ముందు వరుసలో ఆడేవాడు, తర్వాత గోల్‌కీపర్ అయ్యాడు. అంటే ఒకప్పుడు గోల్ కొట్టినవాడు గోల్ కాపాడాడు, గోల్ ఆపాల్సినవాడు వెళ్లి గోల్ కొట్టాడు. మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ కూడా ఆ రోజు మైదానంలో ఉన్నారు.

రహీం సాబ్‌ని అప్పటికే క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ బంగారం రాలేదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. డిఫెండర్ల ఎంపికను అంచనా వేయవచ్చు. కానీ ఆటగాళ్ల జాబితా ఒక్కటే చూస్తే చాలదు. జట్టుకు ఏం లేదు? ఎంచుకునే మనిషి ఇంతకుముందు ఎవరిని, ఎందుకు నమ్మాడు? ఈ ఆటగాడు ఇంకే పని చేయగలడు? మొదటి ప్రశ్నతో 2017 నాటి జంషెడ్‌పూర్ ఎంపికను పట్టుకోవచ్చు. 1962 నాటి జకార్తాకి మూడూ కావాలి. ఆ మూడూ అడగకుండా పేర్లు రాస్తే అది జోస్యమే. మన వాడుకలో చిలక జోస్యం అనే మాట ఉంది కదా, అదే. చిలక కూడా ఒక కార్డు తీస్తుంది. ఎందుకు తీసిందో మాత్రం చెప్పదు.