ఖాకీ కొలువుకు బడి నుంచే బాట
ఎనిమిదో తరగతి నుంచి పాఠశాలల్లో పోలీసు పాఠాలు
దేహదారుఢ్యం, ధ్రువపత్రాలు, నడవడికపై ముందుచూపు అవసరం

శ్రీకాకుళం, విజయనగరం: ఉత్తరాంధ్ర పల్లెల్లో తెల్లవారుజామున రోడ్ల వెంబడి పరుగులు తీసే యువకులు కనిపించని ఊరు అరుదు. సైన్యం, పోలీసు కొలువులపై ఇక్కడి యువతకు మక్కువ ఎక్కువ. అయితే వీరిలో అధిక శాతం నియామక ప్రకటన వెలువడిన తరువాతే సాధన ఆరంభిస్తున్నారు. మూడు నెలల్లో పుస్తకం పూర్తి చేయవచ్చునేమో గానీ దేహాన్ని మలచుకోవడం సాధ్యం కాదు. పోలీసు ఉద్యోగాన్ని లక్ష్యంగా పెట్టుకున్న విద్యార్థి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లోనే తెలుసుకోవలసిన అంశాలు అనేకం ఉన్నాయి.

రాష్ట్రంలో గత కానిస్టేబుల్ నియామకమే ఇందుకు నిదర్శనం. 6,100 పోస్టుల భర్తీకి 2022 నవంబరు 28న ప్రకటన వెలువడింది. 2023 జనవరి 22న జరిగిన ప్రాథమిక పరీక్షకు నాలుగున్నర లక్షల మందికి పైగా హాజరు కాగా 95,208 మంది అర్హత సాధించారు. అంటే ప్రతి ఐదుగురిలో నలుగురు తొలి మెట్టు వద్దే నిలిచిపోయారు. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరిలో గానీ మొదలు కాలేదు. తుది రాతపరీక్ష 2025 జూన్ 1న జరగగా, ఫలితాలు ఆగస్టులో వెలువడ్డాయి. ప్రకటన నాటికి తొమ్మిదో తరగతి చదువుతున్న విద్యార్థి తుది ఫలితాల నాటికి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. ఇంత సుదీర్ఘమైన ప్రక్రియకు సన్నద్ధత కూడా అంతే ముందుగా మొదలు కావాలి.

బడిలోనే పోలీసు పాఠాలు

హైస్కూలు విద్యార్థులకు పోలీసు వ్యవస్థను పరిచయం చేసేందుకు ఉద్దేశించినది స్టూడెంట్ పోలీస్ కేడెట్ పథకం. ఐపీఎస్ అధికారి పి.విజయన్ చొరవతో రూపుదిద్దుకున్న ఈ కార్యక్రమాన్ని కేరళ ప్రభుత్వం 2010 ఆగస్టు 2న 127 పాఠశాలల్లో ప్రారంభించింది. అక్కడి అనుభవాన్ని గమనించిన కేంద్ర హోంశాఖ 2018 జులై 21న హర్యానాలోని గురుగ్రామ్‌లో దేశవ్యాప్త పథకానికి శ్రీకారం చుట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎంపిక చేసిన ప్రభుత్వ పాఠశాలల్లో ఇది అమలైంది.

ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులకు దీనిని ఉద్దేశించారు. నిర్ణీత పాఠ్యపుస్తకం గానీ, పరీక్ష గానీ లేవు. నెలకు ఒక తరగతి నిర్వహించాలన్నది జాతీయ మార్గదర్శకం. నేరాల నివారణ, రహదారి భద్రత, మహిళలు, బాలల రక్షణ, అవినీతి నిర్మూలన, విపత్తు నిర్వహణ వంటి అంశాలతోపాటు సహనం, సానుభూతి, పెద్దల యెడ గౌరవం, క్రమశిక్షణ వంటి విలువలనూ బోధిస్తారు. బోధన సామగ్రి, శిక్షణ, ఇతర ఖర్చుల నిమిత్తం ఒక్కో పాఠశాలకు రూ.50 వేలు కేటాయించారు.

ఒక విషయాన్ని తల్లిదండ్రులు స్పష్టంగా గ్రహించాలి. ఈ పథకం ఉద్యోగ నియామక మార్గం కాదు. కేడెట్‌గా ఉన్నంత మాత్రాన కానిస్టేబుల్ పోస్టు లభించదు. ఠాణా ఎలా పనిచేస్తుంది, ఫిర్యాదు ఎలా నమోదవుతుంది, పోలీసు విధి ఎంత కఠినమైనది అనే అవగాహన మాత్రం చిన్న వయసులోనే కలుగుతుంది. ఈ వృత్తి తనకు సరిపడునో లేదో విద్యార్థి తానే తేల్చుకునే వీలు చిక్కుతుంది.

ఎన్‌సీసీ ఉన్న ఉన్నత పాఠశాలల్లో జూనియర్ విభాగంలో చేరి రెండేళ్ల శిక్షణ పూర్తి చేసినవారు ‘ఎ’ సర్టిఫికెట్ పరీక్ష రాయవచ్చు. కళాశాల స్థాయిలో ‘బి’, ‘సి’ సర్టిఫికెట్లు పొందవచ్చు. పోలీసు నియామకాల్లో ఎన్‌సీసీ అభ్యర్థులకు, ప్రతిభావంతులైన క్రీడాకారులకు ప్రత్యేక కోటా ఉంది. సీబీఎస్‌ఈ పాఠశాలల్లో 9, 10 తరగతులకు ‘సెక్యూరిటీ’ ఒక నైపుణ్య విద్యాంశంగా ఉంది. అయితే దానిని బోధించడం ఆయా పాఠశాలల నిర్ణయంపై ఆధారపడి ఉంటుంది.

కొలతలు ఇవీ

2022 ప్రకటన ప్రకారం కానిస్టేబుల్ పోస్టుకు ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత అవసరం. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు ఇంటర్ రెండేళ్లూ చదివి పరీక్షలకు హాజరై ఉంటే చాలు. పురుషుల ఎత్తు 167.6 సెంటీమీటర్లకు, అంటే ఐదడుగుల ఆరంగుళాలకు తగ్గరాదు. ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండి, గాలి పీల్చినపుడు మరో 5 సెంటీమీటర్లు వ్యాకోచించాలి. మహిళలకు 152.5 సెంటీమీటర్ల ఎత్తు, 40 కిలోల బరువు ఉండాలి.

శ్రీకాకుళం, విజయనగరం సహా పలు జిల్లాల ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులకు నిబంధనల్లో సడలింపు ఉంది. వారిలో పురుషులకు 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల ఛాతీ, 3 సెంటీమీటర్ల వ్యాకోచం సరిపోతాయి. మహిళలకు 150 సెంటీమీటర్ల ఎత్తు, 38 కిలోల బరువు చాలు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ప్రాంతాల సవర, జాతాపు విద్యార్థులు దీనిని తప్పక తెలుసుకోవాలి. ఏజెన్సీ ప్రాంత ధ్రువపత్రం సిద్ధం చేసుకోనిదే ఈ వెసులుబాటు దక్కదు.

ఎత్తు పెరిగే వయసు హైస్కూలు దశే. పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూరలు, మన ప్రాంతపు చోడి అంబలి వంటి ఆహారం, తగినంత నిద్ర ఈ దశలో అవసరం. బాలికలు రక్తహీనత లేకుండా చూసుకోవాలి. ఎత్తు పెంచుతామనే మందులు, పొడుల ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకోరాదు.

ముందే చూపించుకోవాల్సిన లోపాలు

ఏళ్ల తరబడి శిక్షణ పొంది, రాతపరీక్షలు గట్టెక్కి, చివరికి వైద్య పరీక్షలో వెనుదిరగడం కన్నా బాధాకరమైనది లేదు. కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ దూరపు చూపు 6/6 ఉండాలి. రంగుల అంధత్వం, మెల్లకన్ను ఉన్నవారు అనర్హులు. మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, చదును పాదాలు, కాళ్లలో ఉబ్బిన సిరలు, నత్తి, వినికిడి లోపం వంటివీ అడ్డంకులే. వీటిలో రంగుల అంధత్వం సాధారణంగా పుట్టుకతో వచ్చేది. అది ఉన్నదని చాలామందికి తెలియనే తెలియదు. కంటి వైద్యుని వద్ద కొద్ది నిమిషాల్లో తేలిపోయే విషయమిది. పదో తరగతిలోపే పరీక్ష చేయించుకుంటే లోపం ఉన్నవారు మరో వృత్తిని ఎంచుకునేందుకు వ్యవధి ఉంటుంది.

నాలుగు చుట్లు, ఎనిమిది నిమిషాలు

సివిల్ కానిస్టేబుల్ అభ్యర్థులకు 1,600 మీటర్ల పరుగు తప్పనిసరి. పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 400 మీటర్ల మైదానంలో నాలుగు చుట్లు అన్నమాట. పురుషులకు చుట్టుకు రెండు నిమిషాలే గడువు. దీనికితోడు 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్‌లలో ఏదో ఒకటి నెగ్గాలి. 100 మీటర్లకు పురుషులకు 15 సెకన్లు, మహిళలకు 18 సెకన్లు గడువు. లాంగ్‌జంప్‌లో పురుషులు 3.80 మీటర్లు, మహిళలు 2.75 మీటర్లు దూకాలి. ఏపీఎస్పీ బెటాలియన్ల పోస్టులకు మూడింటికీ మార్కులు ఉంటాయి. చింతలవలసలోని ఐదో బెటాలియన్ ఈ కోవలోనిదే.

వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేసి, మల్లయోధునిగా దేశ విదేశాల్లో పేరు గడించిన కోడి రామ్మూర్తినాయుడు ఈ గడ్డవాడే. ఆ స్ఫూర్తితో పాఠశాల వ్యాయామ పీరియడును సద్వినియోగం చేసుకోవాలి. తొలుత రెండు చుట్లు నెమ్మదిగా పరుగెత్తి, వారాల తరబడి దూరం పెంచుతూ పోవాలి. వేగంపై దృష్టి ఆ తరువాతే. వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి అవసరం. కాళ్ల నొప్పిని లెక్కచేయక పరుగెత్తితే గాయాలు ముదురుతాయి.

పాఠ్యపుస్తకాలే పునాది

ప్రాథమిక రాతపరీక్ష 200 మార్కులకు ఉంటుంది. ఇంగ్లిషు, అంకగణితం, సామాన్యశాస్త్రం, భారతదేశ చరిత్ర, భూగోళం, రాజ్యాంగం, ఆర్థికాంశాలు, వర్తమాన వ్యవహారాలు, తార్కిక సామర్థ్యంపై ప్రశ్నలు వస్తాయి. వీటిలో అధిక భాగానికి పునాది ఆరు నుంచి పది తరగతుల పుస్తకాల్లోనే ఉంది. శాతాలు, నిష్పత్తులు, కాలం-దూరం వంటి లెక్కలు బడిలోనే పట్టు చిక్కితే ఆనక కోచింగ్ భారం తగ్గుతుంది.

ధ్రువపత్రాలు భద్రం

జిల్లా స్థాయి పోస్టులకు స్థానికత కీలకం. గత నియామకంలో నాలుగో తరగతి నుంచి పది వరకు ఎక్కడ చదివారనే దాని ఆధారంగా స్థానికతను నిర్ధారించారు. ఇచ్ఛాపురం, మందస, పాతపట్నం వంటి సరిహద్దు ప్రాంతాల పిల్లలు కొందరు ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడిలలో చదువుకుంటారు. వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు ఇతర రాష్ట్రాల్లో చదువు సాగిస్తారు. ఇటువంటివారు స్థానిక కోటాకు దూరమయ్యే ప్రమాదం ఉన్నందున తల్లిదండ్రులు ముందుగానే ఆలోచించాలి. బడి మారినప్పుడల్లా స్టడీ సర్టిఫికెట్ తీసుకుని భద్రపరచాలి. పేరు, పుట్టిన తేదీ అన్ని పత్రాల్లోనూ పదో తరగతి మార్కుల జాబితాతో సరిపోలాలి.

నడవడికా పరీక్షే

ఎంపికైనవారి పూర్వాపరాలను పోలీసులు విచారిస్తారు. జాతరలో కొట్లాట, కళాశాలలో గొడవ, మోటారు సైకిలు ప్రమాదం వంటి కేసులు సైతం ఆ దశలో ముందుకు వస్తాయి. కేసు ఉంటే దాచిపెట్టడం మరింత చేటు. వివరాలు దాచిన అభ్యర్థి విషయంలో ఎలా వ్యవహరించాలన్న దానిపై 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు నిర్దేశించింది. దరఖాస్తులో ఇచ్చే సమాచారం సత్యమై ఉండాలన్నది అందులోని ప్రధాన సూత్రం. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులను దరిచేరనీయరాదు. ఎంపిక మార్కుల ప్రకారమే జరుగుతుంది.

ఒక్క దారినే నమ్ముకోవద్దు

రాష్ట్ర నియామకాలు ఏటా వెలువడవు. కనుక ఇతర మార్గాలనూ పరిశీలించాలి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ తదితర బలగాల కానిస్టేబుల్ పోస్టులకు పదో తరగతి విద్యార్హత చాలు. ఈ పరీక్షను 2024 నుంచి తెలుగులోనూ రాసే వీలు కలిగింది. అయితే అక్కడ సాధారణ అభ్యర్థులకు ఎత్తు పురుషులకు 170, మహిళలకు 157 సెంటీమీటర్లు ఉండాలి. పురుషులు 5 కిలోమీటర్లను 24 నిమిషాల్లో పరుగెత్తాలి. అటవీ శాఖ బీట్ అధికారి, రైల్వే రక్షణ దళం పోస్టులకూ ఇదే సాధన ఉపకరిస్తుంది. ఎస్సై కావాలనుకునేవారు డిగ్రీ పూర్తి చేయాలి. అందుచేత పరుగు కోసం చదువు మానుకోవడం తగదు.

నియామక నిబంధనలు ప్రకటనను బట్టి మారుతుంటాయి. దరఖాస్తుకు ముందు తాజా ప్రకటనను ఆసాంతం చదవడం శ్రేయస్కరం. అప్పటి వరకు చేయవలసిన పనులు మాత్రం ప్రకటన కోసం ఆగనక్కరలేదు. ఈ వారంలోనే ఎత్తు కొలిపించుకోవడం, కంటి పరీక్ష చేయించుకోవడం, స్టడీ సర్టిఫికెట్లు ఒకచోట చేర్చుకోవడం ఏ హైస్కూలు విద్యార్థికైనా సాధ్యమే.