రంగంలో రెండు లిపులు, గుమ్మంలో ఒక కంట్రోలర్

ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళకి రంగూన్ అంటే "రంగం". ఓడెక్కి అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికెళ్ళినవాళ్ళ కథలు మనకి కొత్తకాదు. ఇప్పుడు యాంగోన్ అంటున్న ఆ ఊరిదే ఇంకో కథ ఉంది. ఇది అక్షరాల కథ.

బర్మాలో ఒకప్పుడు సిమ్ కార్డు కొనాలంటే లక్షల చ్యాట్లు పోయాల్సి వచ్చేది. 2014లో టెలినార్, ఊరిడూ సర్వీసులు మొదలుపెట్టాక అది 1500 చ్యాట్లకి దిగింది. జనం ఒక్కసారిగా ఇంటర్నెట్‌లోకి వచ్చారు. వాళ్ళ ఫోన్లలో ఎక్కువవాటిలో ఉన్నది మాత్రం జోజీ అనే ఫాంటు. బర్మీస్‌కి సరైన యూనికోడ్ ఏర్పాటు 2008లో, 5.1 వెర్షన్‌తో కుదిరింది. ఈలోపే జోజీ పాతుకుపోయింది.

మనకీ ఇలాంటి రోజులుండేవి. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు, అది లేకపోతే తెరనిండా పిచ్చి గీతలు. అయితే మన పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో కూర్చున్నాయి. ఫాంటు పేరు తెలిస్తే చాలు, మార్చేయొచ్చు. వెన్న నాగార్జున జావాస్క్రిప్ట్‌లో రాసిన "పద్మ" ఫైర్‌ఫాక్స్‌లో చేసిన పని అదే. వీవెన్ "లేఖిని"కి ఆధారం కూడా పద్మే.

జోజీ అలా కాదు. బర్మీస్‌కి యూనికోడ్ ఇచ్చిన చోట్లనే వాడుకుంది, కానీ వేరే పద్ధతిలో. షాన్, మోన్ వంటి భాషల అక్షరాల చోట్లలో కూడా బర్మీస్ ముక్కల్ని పెట్టింది. అందుకే ఒక వాక్యాన్ని చూసి అది జోజీయో, యూనికోడో కచ్చితంగా చెప్పలేం, ఊహించాలి. తెరమీద ఒకేలా కనిపించే మాట లోపల రెండు రకాలుగా ఉంటుంది కాబట్టి వెతికితే దొరకదు. ఇది ఉత్త సాంకేతిక తలనొప్పి అనుకోకండి. రోహింగ్యాల మీద విద్వేషం పారుతున్న రోజుల్లో, అలాంటి రాతల్ని పట్టుకోడానికి ఈ ఫాంట్ల గొడవ అడ్డమైందని 2018లో ఫేస్‌బుక్కే చెప్పింది.

మరి వెబ్ అప్లికేషన్ రాసేవాడు ఈ మార్పిడి ఎక్కడ పెట్టాలి? ప్రతి పేజీలో ఒక ముక్క అతికిస్తే నాలుగు నెలలకి ఏది ఎక్కడ మారుతోందో ఎవరికీ తెలియదు. ఇక్కడే కంట్రోలర్ అక్కరకొస్తుంది. 1979 ప్రాంతంలో జిరాక్స్ పార్క్‌లో ట్రుగ్వే రీన్స్‌కౌగ్ అనే నార్వే ఆయన ప్రోగ్రాముని మూడుగా విడదీశాడు. సమాచారం దాచేది మోడల్, చూపించేది వ్యూ, వాడేవాడు చేసిందాన్ని అందుకుని ఎటు పంపాలో చూసేది కంట్రోలర్.

యాంగోన్ వాడు టైపుచేసిన మాట ముందు కంట్రోలర్‌కి వస్తుంది. గూగుల్ 2018లో ఇచ్చిన మయన్మార్ టూల్స్ అది జోజీ అయ్యే అవకాశం ఎంతో 0 నుంచి 1 లోపు ఒక అంకెగా చెబుతుంది. జోజీ అయితే రాబిట్ లాంటి కన్వర్టర్‌తో మార్చి, మోడల్‌కి యూనికోడ్ మాత్రమే ఇవ్వాలి. తిరిగి చూపించేటప్పుడు ఫోన్ ఏదో తెలియాలి. దానికో చిట్కా ఉంది. ఒత్తు ఉన్న అక్షరాన్ని కనబడకుండా గీసి వెడల్పు కొలవడమే. యూనికోడ్ ఫాంటులో ఒత్తు కిందకి దిగి వెడల్పు తగ్గుతుంది, జోజీలో తగ్గదు. కొలిచేది, మార్చేది వేరే ఫంక్షన్లు. వాటిని ఎప్పుడు పిలవాలో తెలిసుండటమే కంట్రోలర్ పని. మొత్తం దాని నెత్తినే రుద్దితే అది కూడా చెత్తబుట్టే.

జావాస్క్రిప్ట్‌లో ఈ పేరు నిలకడగా ఉండలేదు. బ్యాక్‌బోన్ 2011లో తన కంట్రోలర్‌ని రౌటర్ అంది. 2016లో యాంగులర్ 2 కంట్రోలర్లని వదిలి కాంపొనెంట్లంది. 2018లో స్టిములస్ మళ్ళీ కంట్రోలర్లనే తెచ్చింది. పేరేదైనా, గుమ్మంలో ఒకరుండాలన్న అవసరం పోలేదు.

బర్మా ప్రభుత్వం 2019 అక్టోబర్ 1 నుంచి యూనికోడ్‌కి మారాలని ముహూర్తం పెట్టింది. మనకి అలాంటి ముహూర్తం ఎవరూ పెట్టలేదు. ఇప్పటికీ తెలుగు పుస్తకాలు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్ళలో పడున్నాయి. అచ్చులో చక్కగా కనిపిస్తాయి, వెతికితే ఒక్క మాట దొరకదు. ఆ ఫైళ్ళు తెరిచే కంప్యూటర్లు మూలపడకముందే వాటిని గుమ్మం దాటించాలి.