లొట్టిలో ఉంది రుచి

లింగంపల్లి స్టేషన్ ముందు నైట్ షిఫ్టు క్యాబులు ఇంకా బారులు తీరే ఉన్నాయి. మీ బండి శంకర్‌పల్లి వైపు తిరిగింది. అపార్టుమెంట్లు పలచబడ్డాక ఒక మట్టిబాట, దాని చివర ఈతవనం. జనవరి చలి వేళ్లను కొరుకుతోంది. ఈత బాగా పారే రోజులివి.

గౌడన్న అప్పటికే చెట్టెక్కాడు. మోకు నడుముకూ మానుకూ బిగుసుకుని ఉంది. 2024 జూలైలో లష్కర్‌గూడలో మొదలుపెట్టి ప్రభుత్వం గీత కార్మికులకు ఇస్తున్న 'కాటమయ్య రక్షణ కవచం' తాళ్లు కూడా తగిలించుకున్నాడు.

"జర దూరం నిలవడు అన్నా, మట్టలు పడ్తయ్!"

కత్తి మొవ్వు కింద పలచటి పొర తీస్తుంది. లోతుగా దిగితే చెట్టుకు చేటు, పైపైన గీస్తే చుక్క రాలదు. రాత్రంతా నిండిన మట్టికుండను, లొట్టిని, విప్పి మెల్లగా దిగుతాడు.

పక్క చెట్టుదీ దించాక మీ ముందు రెండు లొట్లు. ఒకదాని లోపలంతా తెల్లగా ఉంది.

"దీన్ల సున్నం రాసిన. నీరా ఇది, తాగు."

చల్లగా, తియ్యగా, పచ్చి వాసనతో గొంతు దిగుతుంది. రెండోదాని మూతి మీద నురగ బుసబుసమంటోంది. పులుపు ముక్కుకు తగులుతుంది. పక్కపక్క చెట్లే, పారింది ఒకే రాత్రి. తేడా అంతా లొట్టిదే. సున్నం పులియబెట్టే సూక్ష్మజీవులను అణచిపెడుతుంది. సున్నం లేని పాత లొట్టిలో అవి నిన్నటి కల్లు మడ్డిలోనూ మట్టి రంధ్రాల్లోనూ కాచుకుని ఉంటాయి. చెట్టు మీద ఉండగానే చక్కెరను పట్టుకుంటాయి.

పాత్ర మహిమ ఇక్కడొక్కచోటే కాదు. ఆన్‌సైట్ వెళ్లిన మన పిల్లలు అమెరికాలోని కెంటకీలో బర్బన్ విస్కీ పీపాలు చూసొస్తుంటారు. జిగురూ మేకులూ లేకుండా, ఓక్ చెక్కలను ఇనుప పట్టీలతో బిగించి, లోపల మంటపెట్టి బొగ్గుగా కాలుస్తారు. ఒక్కోటి సుమారు 200 లీటర్లు పడుతుంది. బర్బన్‌కు రంగు ఆ కాలిన చెక్క నుంచే వస్తుంది. లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రే వాడాలని అమెరికా చట్టం. ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కు పనికిరాదు. అక్కడ కొత్తదానికి విలువ, ఇక్కడ వాడి వాడి పండిన లొట్టికి.

లొట్టీ నిప్పులో పుట్టిందే. చెరువు మట్టిని సారె మీద లేపి, లోపల రాయి ఆనించి బయట చెక్కతో తట్టి, ఆవంలో కాలుస్తాడు కుమ్మరి.

వనం అంచున చెట్లకు ప్లాస్టిక్ డబ్బాలు వేలాడుతున్నాయి. ఎందుకని అడుగుతారు.

"లొట్టి పడితే పలుగుతది. చేసేటోళ్లు గూడ తక్కువైండ్రు."

2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు, మంచిదే. ఆ శ్రద్ధ కుమ్మరి దాకా కూడా రావాలి. బర్బన్ పీపాకు చట్టం కాపలా ఉంది. ఈత లొట్టికి కనీసం ఒక కొనుగోలు ధరైనా ఉండాలి.