పాత బండిని తీసేద్దామా? గోడ మీదికి పాకిన ఒక గీత కథ



మన గుంపులో బండ్ల మాట వస్తే చాలు, రెండు పక్షాలు తేలతాయి. పదిహేనేళ్లు నిండి ఆర్‌సీ పొడిగింపు కోసం ఆర్‌టీవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చినా సరే, పాత బండిని వదలమనేవాళ్లు ఒక పక్షం. ప్రేమ ప్రేమే, బండి బండే, అమ్మేసి కొత్తది తీసుకోండి అనేవాళ్లు ఇంకో పక్షం. అది స్పోర్ట్స్ కారయితే తగవు మరీ ముదురుతుంది, ఎందుకంటే అలాంటి బండిని అవసరం కోసం ఎవరూ కొనరు. అవసరం తీరిందనే సాకు కూడా అక్కడ పనికిరాదు.

ఇదే తగవు ఒక కంపెనీ లోపల సుమారు పదేళ్లు నడిచింది. పాత బండిని తీసేయాలని అనుకున్నది దాన్ని కొన్నవాళ్లు కాదు, తయారు చేసేవాళ్లే. ఊరు జర్మనీలోని స్టుట్‌గార్ట్, బండి పోర్షే 911. ఈసారి మేము రాస్తున్నది ఆ చరిత్ర.

జర్మనీ కారుతో మనకేం పని అని కొందరు అడుగుతారు, తెలుసు. కోయంబత్తూరు వైపు మన తెలుగు ఇళ్లలో యంత్రాల మోజు ఈనాటిది కాదు. జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య ఒక్క బస్సుతో వ్యాపారం మొదలుపెట్టారు. ఇవాళ అవినాశి రోడ్డు మీద ఉన్న జీడీ కార్ మ్యూజియం ఆ మోజుకు గుర్తే. ఎస్. కరివర్ధన్ గారు మారుతి ఇంజన్‌తో ఫార్ములా రేసు బండ్లు కట్టించి కుర్రవాళ్ల చేతికిచ్చారు, చెట్టిపాళయం ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా ఆ ఊరివారే. కనుక ఈ కథ మన గుంపులో ఎవరికీ పరాయిది కాదు.

ముందు ఒక మాట. 911 కూడా ఒకనాడు పాత బండిని తోసేసి వచ్చిన కొత్త బండే. 1948 నుంచి 1965 దాకా పోర్షే వాళ్ల బండి అంటే 356. దాని స్థానంలో తేవడానికి 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కొత్తది చూపించారు. పేరు 901. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో కంపెనీ అభ్యంతరం చెప్పింది. సున్నా పోయి ఒకటి వచ్చింది, 911 అయింది. కొత్తది బాగా ఖరీదు. అందుకని 1965లో అదే ఒంటికి 356 నాటి నాలుగు సిలిండర్ల ఇంజన్ పెట్టి 912 అని చౌకగా ఇంకొకటి అమ్మారు. పాతదాన్ని ఒక్క దెబ్బతో తీసేయడం అప్పుడూ కుదరలేదన్నమాట.

911 నిర్మాణం తెలిస్తేనే తగవు అర్థమవుతుంది. ఇంజన్ వెనక ఉంటుంది, అదీ వెనక ఇరుసుకు ఇంకా అవతల. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. మన పాత బజాజ్ స్కూటర్ ఇంజన్‌లాగా ఫ్యాను గాలితోనూ, లోపల తిరిగే ఆయిలుతోనూ చల్లబడుతుంది. ఆరు సిలిండర్లు, మూడు అటు మూడు ఇటు పడుకుని ఉంటాయి. 1964లో తయారీ మొదలైనప్పుడు రెండు లీటర్లు, 130 హార్స్‌పవర్. బరువంతా వెనక ఉండటంతో మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు టైర్లు రోడ్డును పట్టుకుని తన్నుకుపోతుంది. అదే బరువు వల్ల, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే వెనక భాగం విసురుగా పక్కకు తిరిగిపోతుంది. తొలి బండ్లలో దీన్ని సరిచేయడానికి ముందు బంపర్ మూలల్లో ఒక్కోటి 11 కిలోల దిమ్మలు పెట్టారు. నవ్వొస్తుంది గానీ నిజం. తరువాత 1969 మోడల్‌కు చక్రాల మధ్య దూరం 57 మిల్లీమీటర్లు పెంచి బండిని కొంత లొంగదీశారు.

ఈ మొండితనమే దాన్ని ప్రేమించినవాళ్లకు ఇష్టం. ఇంజనీర్లకు మాత్రం అది తలనొప్పి.

1972లో పోర్షే కుటుంబం రోజువారీ నిర్వహణ నుంచి తప్పుకుంది. కంపెనీ పగ్గాలు ఎర్న్‌స్ట్ ఫూర్‌మన్ చేతికి వచ్చాయి. 911 అభిమానులు రాసే కథల్లో ఈయన్ని ప్రతినాయకుడిగా చూపిస్తారు. మేము ఒప్పుకోం. 1950ల మొదట్లో పోర్షే రేసు బండ్లకు పేరు తెచ్చిన నాలుగు క్యామ్‌షాఫ్ట్‌ల ఇంజన్ ఈయన చేసిందే. అదీ గాలితో చల్లబడేదే. 1974లో 911 టర్బోను మొదటిసారి చూపించిందీ ఈయన హయాంలోనే. గాలి ఇంజన్ ఎంతవరకు పోగలదో ఈయనకంటే బాగా తెలిసినవాళ్లు ఆ కంపెనీలో ఎంతమంది ఉంటారు? ఆ తెలిసిన మనిషే దీని కాలం చెల్లిందన్నాడు.

ఆయన లెక్క ఇది. పోర్షేకు పెద్ద అంగడి అమెరికా. అక్కడ పొగ నియమాలు, శబ్ద నియమాలు, గుద్దుకుంటే బంపర్ తట్టుకోవాలనే నియమాలు ఏటేటా బిగుసుకుంటున్నాయి. ఇంజన్ చుట్టూ నీళ్ల పొర ఉంటే శబ్దం కొంత అణుగుతుంది, వేడి ఒకే స్థాయిలో నిలుస్తుంది, పొగను అదుపు చేయడం తేలిక. గాలి ఇంజన్‌కు ఆ మూడూ కష్టమే. సిలిండర్‌కు నాలుగు వాల్వులు పెట్టి శక్తి పెంచుదామన్నా ఆ తల భాగాన్ని గాలితో చల్లార్చడం గగనం. కాబట్టి ముందు ఇంజన్, నీళ్ల చల్లదనం, వెనక గేర్‌బాక్స్ ఉండేలా కొత్త బండి కావాలి. అదే 928. నాలుగున్నర లీటర్ల వీ8, 240 హార్స్‌పవర్. 1977 మార్చిలో జెనీవాలో చూపించారు. మరుసటి ఏడు, 1978కి, యూరప్ ఉత్తమ కారు బహుమతి దానికే వచ్చింది. కుటుంబాల బండ్లకు వెళ్లే ఆ బహుమతి ఒక స్పోర్ట్స్ కారుకు రావడం చిన్న సంగతి కాదు.

928 మంచి బండి. మలుపులో కాలు తీసినా వెనక భాగం తిరిగిపోకుండా ఆపే వెనక ఇరుసు ఏర్పాటు అందులో ఉంది, దానికి తమ పరిశోధన కేంద్రమున్న వైసాక్ ఊరి పేరే పెట్టారు. అంటే 911కి పుట్టుకతో వచ్చిన రోగానికి మందు కనిపెట్టి కొత్త బండిలో పెట్టారు. కాగితం మీద ఏ వరస చూసినా కొత్తదే గెలుస్తుంది.

కొనేవాళ్లు మాత్రం 911నే అడిగారు. 928 పుట్టిన 1977 నుంచి ఆగిపోయిన 1995 దాకా మొత్తం 61,000 చిల్లర తయారైంది. ఆ తొలి రోజుల్లో దాని పక్కనే అమ్ముడైన 911 ఎస్‌సీ ఒక్కటే, 1978 నుంచి 1983 వరకు ఆరేళ్లలో, 50,000 దాటింది. తీసేయబోయే బండి అని కంపెనీ దానిమీద పెద్దగా ఖర్చు పెట్టని కాలం అది. పెంపుడు బిడ్డకు నెయ్యన్నం పెట్టి సొంత బిడ్డకు గంజి పోసినా, గంజి తాగినదే పొలం దున్ని పెట్టింది.

1980కి వచ్చేసరికి కంపెనీ నష్టంలోకి జారింది. ఫూర్‌మన్ వెళ్లిపోయారు. 1981 జనవరిలో పీటర్ షుట్జ్ వచ్చారు. బెర్లిన్‌లో పుట్టి, నాజీల కాలంలో దేశం విడిచి అమెరికా చేరిన యూదు కుటుంబపు పిల్లవాడు ఆయన. అక్కడ ట్రాక్టర్ల, డీజిల్ ఇంజన్ల కంపెనీల్లో ఇంజనీరుగా పనిచేసి, మళ్లీ జర్మనీ చేరారు. స్పోర్ట్స్ కార్ల లోకానికి బయటి మనిషి. బయటి మనిషి కాబట్టే అందరికీ తేలిపోయిన సంగతిని మళ్లీ అడిగారని మా ఊహ.

తరువాత జరిగింది షుట్జ్ గారే చాలాసార్లు చెప్పుకున్న కథ. వచ్చిన కొద్ది వారాల్లోనే ఆయన ఇంజనీరింగ్ పెద్ద హెల్ముట్ బోట్ గదికి వెళ్లారు. గోడ మీద ఒక పటం, అందులో ఏ బండి ఎన్నేళ్లు నడుస్తుందో చూపే గీతలు. 928 గీత ముందుకు పోతోంది, 944 గీత ముందుకు పోతోంది, 911 గీత మాత్రం 1981 చివరన ఆగిపోయింది. షుట్జ్ మార్కర్ తీసుకుని ఆ గీతను పటం చివరిదాకా, పటం దాటి గోడ మీదికి, అక్కడినుంచి తలుపు బయటికి గీసుకుంటూ పోయారు. తిరిగి వచ్చేసరికి బోట్ ముఖం వెలిగిపోయి ఉందట. తీసేయాలనే నిర్ణయం కాగితం మీద ఉంది గానీ, ఆ గదిలోనే దాన్ని మనసారా కోరినవాడు లేడు. ఆ బండి పోతుందనే దిగులు కంపెనీ పనివాళ్లందరినీ పట్టుకుని ఉందని షుట్జ్ చెప్పేవారు. నష్టంలో ఉన్న కంపెనీలో ఆ దిగులును లెక్కల పుస్తకం చూపించదు.

అదే ఏడాది లె మాన్స్ 24 గంటల పందెం సంగతి కూడా చెప్పాలి. గెలిచే అవకాశం ఉన్న కొత్త బండి ఏదీ సిద్ధంగా లేదు. మ్యూజియంలో చేరిన 936 రేసు బండిని కిందికి దింపి, వేరే పందెం కోసం చేసి ఉంచిన ఇంజన్ పెట్టి పంపారు. 1981 జూన్‌లో జాకీ ఇక్స్, డెరెక్ బెల్ దానితో గెలిచారు. మ్యూజియం అంటే బండికి సమాధి అనుకునేవాళ్లకు మేము ఈ కథే చెబుతుంటాం.

ఇక్కడితో ఆపితే ఇది పాత బండి పక్షం వాళ్ల కథ అవుతుంది. మాకు అసలు ఆసక్తి కలిగించేది ఆ తరువాతి భాగం. షుట్జ్ నిలబెట్టింది ఏ బండిని? 1981 సెప్టెంబరులోనే పైకప్పు మడిచే 911ను ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించారు, మరుసటి ఏడు అది అమ్మకానికి తయారైంది. 1983లో ఇంజన్‌ను 3.2 లీటర్లకు పెంచారు. 1989 మోడల్‌గా వచ్చిన 964 అనే తరంలో 85 శాతం భాగాలు కొత్తవని కంపెనీయే చెప్పింది, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే ఏర్పాటు కూడా అందులో వచ్చింది. చూపుకు అదే 911. మన ఇంటి తెలుగు లాంటిదే ఇది. తమిళం సగం కలిసింది, యాస మారింది, విజయవాడ నుంచి వచ్చిన చుట్టాలు నవ్వుతారు, అయినా అది మన అవ్వ మాట్లాడిన తెలుగే.

చివరికి ఫూర్‌మన్ చెప్పిందీ జరిగింది. 1990ల మొదట్లో అమ్మకాలు కూలి కంపెనీ మునిగిపోయే స్థితికి వచ్చింది. ఖర్చు తగ్గించడానికి 1996 బాక్‌స్టర్‌కూ 1997 నాటి కొత్త 911కూ, అంటే 996 తరానికి, ముందు భాగాలు చాలా వరకు ఒకటే చేశారు. ఆ 996లోనే ఇంజన్ చుట్టూ నీళ్లు వచ్చాయి, సిలిండర్‌కు నాలుగు వాల్వులూ వచ్చాయి. శబ్దం, పొగ, వేడి, ఫూర్‌మన్ చెప్పిన కారణాలే అన్నీ. గాలితో చల్లబడే చివరి 911 తయారీ 1998 మార్చిలో ఆగింది.

అభిమానులు భగ్గుమన్నారు. దీపాలను చూసి వేయించిన గుడ్డు అని వెక్కిరించారు. మన టిఫిన్ సెంటర్ భాషలో హాఫ్ బాయిల్ అన్నమాట. తిట్టినా జనం కొన్నారు, కంపెనీ ఒడ్డున పడింది. ఇవాళ గాలి ఇంజన్ 911ల ధరలు ఆకాశంలో ఉన్నాయి, ఆ హాఫ్ బాయిల్ బండి చాలాకాలం అన్నిటికంటే చౌక 911గా ఉండిపోయింది. తిట్లు పడ్డ బండి కంపెనీని బతికించింది, అది బతికినందుకే పాతవాటికి ఇవాళ కూడా విడిభాగాలు దొరుకుతున్నాయి. ఈ ముడి పాత బండి పక్షం వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు.

ఇంట్లో పాత స్పోర్ట్స్ కారు పెట్టుకుని ఊగిసలాడే సభ్యులకు దీనిలో పనికొచ్చేది ఏమిటంటే, ఫూర్‌మన్ అడిగింది ఏది మెరుగు అని, షుట్జ్ అడిగింది ఇది పోతే దానితోపాటు ఇంకేం పోతుంది అని. రెండూ సరైన ప్రశ్నలే, కానీ మొదటిదానికి కొలతలున్నాయి కనుక జనం అక్కడే ఆగిపోతారు. కంపెనీకి ఉన్న ఒక సౌకర్యం మనకు లేదు. అది గీతను పొడిగిస్తూ బండిని మార్చుకుంటూ పోగలదు, మన షెడ్డులో ఉన్నది ఒక్కటే. కాబట్టి చూడాల్సింది ముందు ఒంటి ఇనుమును. ఇంజన్ విప్పి కట్టవచ్చు, తుప్పు పట్టిన అడుగుభాగాన్ని మళ్లీ నిలబెట్టడం మహా కష్టం. 911కి 1976 మోడల్ నుంచి జింకు పూత పూసిన ఉక్కు వాడారు, అందుకే ఆ తరువాతి బండ్లు ఇంకా రోడ్ల మీద ఇన్ని కనిపిస్తాయి. చెన్నై సముద్రగాలిలో ఉన్న బండినీ కోయంబత్తూరు పొడిగాలిలో ఉన్న బండినీ ఒకే త్రాసులో తూచకండి. రెండోది, దాన్ని విప్పి కట్టగలిగిన మెకానిక్ మీ ఊళ్లో ఉన్నాడా, అతని తరువాత ఆ పని నేర్చుకుంటున్న కుర్రవాడున్నాడా. ఆ ఇద్దరూ లేకపోతే మాత్రం, ఎంత ప్రేమ ఉన్నా, బండిని అది బతికే చోటికి పంపడమే మేలని మా అభిప్రాయం.

పది లక్షలవ 911 జుఫెన్‌హౌజెన్ కార్ఖానా నుంచి 2017 మే 11న బయటికి వచ్చింది. పచ్చ రంగుది, అమ్మకుండా కంపెనీయే ఉంచుకుంది. షుట్జ్ గారు అదే ఏడాది అక్టోబరులో, 87 ఏళ్ల వయసులో పోయారు.

షోళవరం పందేల నాటి ఫొటోలు ఎవరింట్లోనైనా ఉంటే గుంపులో పెట్టండి. వెనక ఊరు, ఏడాది రాసి ఉంటే అది కూడా ఫొటో తీసి పంపండి, వాటిని సంఘం ఆల్బమ్‌లో చేర్చుదాం.